ఎవరి కోసం ఈ కోత?

సిరిమానోత్సవం నాడు మూడులాంతర్ల దగ్గర తీయించుకున్న ఫోటోలో నాకు నా పొట్టే కనిపించింది. లైపోసక్షన్ చేయించుకుందామని విజయనగరం నుంచి విశాఖ వెళ్లా. "బరువు తగ్గడానికి కాదమ్మా ఇది. చర్మం కింది కొవ్వునే లాగుతాం. పేగుల చుట్టూ ఉన్నది పోదు, కాన్పులకి సాగిన చర్మం బిగుసుకోదు" అన్నారు డాక్టరు. నా పొట్టలో ఏ వాటా ఎంతో!

ఆ రాత్రి టీవీలో 'నువ్వు నాకు నచ్చావ్'. ఆర్తీ అగర్వాల్ నవ్వుతోంది. ఈ సర్జరీ అయిన కొద్ది వారాలకే, 2015 జూన్‌లో, అమెరికాలో ప్రాణం పోయింది. 31 ఏళ్లు. నేనైతే డాక్టర్ని ఖర్చే అడిగాను, ప్రమాదం సంగతి అడగనేలేదు.

"ఎవులి కోసమే గుంటా, ఈ కోత?" అంది అమ్మ.

ఆయన ఏనాడూ ఏమీ అనలేదు. మరి ఫోటో కోసమా? అడ్వాన్సు కట్టలేదు. మత్తు ఎవరిస్తారు, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఏం చేస్తారు అని క్యాలెండర్ వెనక రాసుకున్నా, మళ్లీ వెళ్తే అడగడానికి.