జ్వాలాపురం... పొలాల్లో పడిన సుమత్రా బూడిద

కర్నూలు, కడప వైపు యాగంటి చూడని కుటుంబం ఉండదు. కోనేట్లో మునిగి ఉమామహేశ్వరుణ్ని దర్శించుకుంటారు. ఏటేటా పెరుగుతాడని చెప్పే బసవన్న చుట్టూ తిరుగుతారు. అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడ కాకి వాలదంటూ పిల్లలకు కథ చెబుతారు. తిరుగుదారిలో బనగానపల్లె దగ్గర 'అరుంధతి' సినిమాలో చూసిన నవాబుగారి బంగళా ముందు ఫొటో దిగి, కాలమైతే నాలుగు డజన్ల బంగినపల్లి మామిడిపళ్లు కట్టించుకుని బండెక్కుతారు. యాత్ర అయిపోయినట్టే!

ఆ దారికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, జుర్రేరు వాగు పారే లోయలో ఒక చిన్న ఊరుంది. పేరు జ్వాలాపురం. గుడి కోసమో తిరునాళ్ల కోసమో తప్ప బయటివాళ్లు అటు తిరిగేది తక్కువ. కానీ మనిషి పుట్టుపూర్వోత్తరాలు వెతికే శాస్త్రవేత్తలు మాత్రం ఇంగ్లండ్ నుంచీ ఆస్ట్రేలియా నుంచీ వెతుక్కుంటూ వచ్చిన ఊరిది. వాళ్లు వచ్చింది బూడిద కోసం!

ఆ బూడిద ఇక్కడిది కాదు. బంగాళాఖాతానికి ఆవల, ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం ఉంది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట అది బద్దలైంది. గత 20 లక్షల ఏళ్లలో భూమ్మీద అంత పెద్ద పేలుడు మరొకటి లేదంటారు. పేలాక కొండ కుంగిపోయి ఏర్పడిన గొయ్యే ఇప్పటి టోబా సరస్సు. పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. గొయ్యే అంతుంటే పైకి లేచిన ధూళి ఎంత ఉండాలి? గాలివాటున అది సముద్రం దాటి మన దేశం మీద కురిసింది. జుర్రేరు లోయలో నేలమీద పడింది కొద్ది సెంటీమీటర్ల మందమే. తర్వాత కురిసిన వానలకు చుట్టుపక్కల గుట్టల మీద బూడిదంతా కొట్టుకొచ్చి పల్లపు మడుగుల్లో చేరింది. అలా కొన్నిచోట్ల పొర రెండు మీటర్లు దాటింది. దానిమీద మట్టి కప్పేసింది. కొన్ని వేల ఏళ్లకు ఆ మట్టిమీద పైర్లొచ్చాయి.

జ్వాలాపురం అనే పేరు చూసి ఇదంతా తెలిసే పెట్టారేమో అనిపిస్తుంది. తెలిసే వీల్లేదు. కాకపోతే ఇంతకంటే సరిపోయే పేరు వెతికినా దొరకదు.

అంట్లు తోమే పొడి

పూర్వం ఇళ్లలో పొయ్యిలో బూడిదతో గిన్నెలు తోమేవాళ్లు. జ్వాలాపురం బూడిదకూ అదే గతి పట్టింది. సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ బూడిదంతా వాడిగా ఉన్న సన్నని గాజు పెంకులే. అగ్నిపర్వతంలో కరిగిన రాయి ఒక్కసారిగా చల్లారితే అలాగే అవుతుంది. ఆ గరుకుదనం జిడ్డు వదలగొట్టడానికి పనికొస్తుంది. అందుకే శుభ్రం చేసే పొడుల తయారీకి ఈ తెల్లమట్టిని తవ్వి అమ్మడం ఏళ్ల తరబడి సాగింది. ఏ ఇంట్లో ఏ గిన్నె మీద ఎంత సుమత్రా అగ్నిపర్వతం అరిగిపోయిందో లెక్క చెప్పేవారు లేరు.

తవ్వినవాళ్లను తిట్టి లాభం లేదు. వానమీద ఆధారపడ్డ నేల. కింద అమ్ముడుపోయే మట్టి ఉంది. దాని వయసెంతో, విలువెంతో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. పైగా తవ్విన గోతుల అంచుల్లోనే ఈ పొర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎర్రమట్టి మధ్యలో తెల్లటి పట్టీలా.

2003 నుంచి ఇక్కడ కొత్తగా పరిశోధన మొదలైంది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం నుంచి రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా బృందాలు బూడిద పొరకు కిందా పైనా ఓపిగ్గా తవ్వుకుంటూ వెళ్లాయి. పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. అంటే పేలుడుకు ముందే ఈ వాగొడ్డున మనుషులున్నారన్నమాట. సరే, ఆకాశమంతా బూడిద కమ్మేశాక వాళ్లేమయ్యారు? పొర పైన కూడా పనిముట్లు దొరికాయి. రాతిని పెచ్చులుగా కొట్టిన తీరు చాలావరకూ ఒక్కటే! అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడి మనుషులు బతికి బట్టకట్టారని, తాతల చేతిపనినే కొనసాగించారని ఆ బృందం 2007లో 'సైన్స్' పత్రికలో రాసింది. టోబా దెబ్బకు మానవజాతి తుడిచిపెట్టుకుపోయేంత పనైందన్న సిద్ధాంతానికి మన పల్లెటూరి మట్టి గట్టిగా అడ్డం తిరిగింది.

అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. ఆ పనిముట్లు చేసినవాళ్లు మనలాంటి మనుషులేనా, అంతకు ముందు తరం జాతివాళ్లా అన్నది తేలలేదు. ఆ కాలపు పొరల్లో మనిషి ఎముక దొరికితే ఒక్కరోజులో తగవు తీరుతుంది. దొరకలేదు. ఉంటే ఇంకా తవ్వని చోట, ఆ బూడిద కిందే ఉండాలి. బూడిదను ట్రాక్టర్లకెత్తిన ప్రతిసారీ ఆ జవాబు దొరికే అవకాశం కూడా కొంత తరిగిపోయినట్టే కదా!

ఊరి దగ్గర్లోనే ఓ రాతి చరియ కింద ఇంకో సంగతి బయటపడింది. గోరంత సన్నని రాతి పనిముట్లు, పూసలు, వాటితోపాటు మనిషి అవశేషాలు. ఇక్కడి సన్నరాతి పనితనం 35 వేల ఏళ్ల నాటి నుంచి వరసగా కనిపిస్తోందని 2009లో ప్రకటించారు. లోయలోని చరియల గోడల మీద బొమ్మలూ ఉన్నాయి. అక్షరం పుట్టకముందు మనవాళ్లు వేసిన ముగ్గులనుకోండి.

తండ్రి పంపితే కొడుకు తవ్వాడు

జ్వాలాపురం చూశాక ఉత్తరంగా బేతంచెర్ల వెళ్లాలి. బేతంచెర్ల అనగానే గుర్తొచ్చేది ఇంట్లో పరిచే బండలు. ఆ నాపరాయే ఇక్కడి గుహలకు తల్లి. సున్నపురాయి జాతి కాబట్టి వాన నీరు వేల ఏళ్లు ఊరి ఊరి, రాతిని కరిగించి లోపల గదులు కట్టింది. ఈ ప్రాంతంలో గుహను 'గవి' అంటారు. ఎన్నో గవులు. వాటిలో పేరున్నవి బిల్లసర్గం గుహలు. కొందరు బిలస్వర్గం అనీ పిలుస్తారు.

1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఆంగ్లేయుడు ఇక్కడ పాత ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ కదిలాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో రాతి గొడ్డలిని గుర్తించి, మన దేశంలో పాతరాతియుగం ఉందని నిరూపించిన భూగర్భ శాస్త్రవేత్త ఆయనే. బిల్లసర్గంలో 1884, 85లలో ఎక్కువ తవ్వకం చేయించింది మాత్రం ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటు హెన్రీ ఫుట్. గుహలకు కెథడ్రల్, పర్గెటరీ, చార్నెల్ హౌస్ అంటూ చర్చి పేర్లు పెట్టారు. చార్నెల్ హౌస్ అంటే ఎముకల కొట్టు. పేరు అతికినట్టు సరిపోయింది! దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి. దానికి శాస్త్రవేత్తలు కర్నూలు పేరే పెట్టారు.

ఆ గుహల్లో ఇటీవల మళ్లీ తవ్వితే వచ్చిన లెక్క ఇంకా ఆశ్చర్యం. 21 రకాల క్షీరదాల్ని గుర్తిస్తే, వాటిలో 20 కనీసం లక్ష ఏళ్లుగా ఈ ఉపఖండంలో బతుకుతూ ఇప్పటికీ ఉన్నాయని 2014లో తేల్చారు. ఐరోపా, అమెరికాల్లో పెద్ద జంతువులు కట్టకట్టుకుని మాయమైన కాలమది. ఇక్కడివి టోబానూ కరవుల్నీ తట్టుకున్నాయి.

1970లలో ఎం.ఎల్.కె.మూర్తి తవ్విన ముచ్చట్ల చింతమాను గవి కూడా ఈ చుట్టుపక్కలదే. ఎముకతో చేసిన పనిముట్లు అక్కడ దొరికాయి. పేరు మాత్రం ఎవరో అమ్మమ్మ పెట్టినట్టు లేదూ!

బెలుం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1884లో ఫుట్ రికార్డు చేశాడు. 1982, 83లలో జర్మనీకి చెందిన డేనియల్ గెబాయర్ బృందం కొలిచింది. 2002 నుంచి జనాన్ని అనుమతిస్తున్నారు. మొత్తం 3,229 మీటర్లలో ఒకటిన్నర కిలోమీటరు మేర తిరగొచ్చు. దీపాలున్నాయి, గాలి గొట్టాలున్నాయి, కాపలా ఉంది. అక్కడ కూడా సప్తస్వరాల గుహలో రాళ్లను కొట్టి వినాలని ప్రతివాళ్లకూ చెయ్యి దురదే. చుక్క చుక్కగా పేరుకుంటున్న రాతికి చేతి జిడ్డు తగిలితే ఆచోట పెరుగుదల ఆగిపోవచ్చని చాలామందికి తెలీదు. కాపలా ఉన్నచోటే ఇలా ఉంటే, ఎవరూ చూడని చోట ఎంత జాగ్రత్తగా ఉండాలి?

వెళ్లేవాళ్లకు...

జ్వాలాపురం బూడిద గోతులు ఎవరో ఒకరి పొలాల్లోనే ఉంటాయి. ఊళ్లోకి వెళ్లి, పెద్దల్ని అడిగి, దారి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లడం మర్యాద. అతని పూట కూలి ఇవ్వడం న్యాయం. చూడ్డానికొచ్చేవాళ్ల వల్ల కూడా నాలుగు రూపాయలొస్తాయని తెలిస్తే, మిగిలిన తెల్లమట్టిని అమ్మకుండా ఉంచడానికి ఊరికీ ఒక కారణం దొరుకుతుంది. గోతుల అంచున నిలబడకండి, మట్టి వదులుగా ఉంటుంది. పిల్లలు తెల్లపొరను గోళ్లతో గీకబోతారు, వారించండి.

నేలమీద నున్నగా, అంచు వాడిగా ఉన్న రాతిపెచ్చు కనిపిస్తే ముచ్చటేస్తుంది. జేబులో వేసుకోకండి. అది ఏ పొరలో, ఎంత లోతున, దేని పక్కన ఉందన్నదే దాని విలువ. ఇంటికి తెచ్చి షోకేసులో పెడితే అది మామూలు గులకరాయే. బొమ్మలున్న గోడను తాకొద్దు. రంగులు బాగా కనిపిస్తాయని నీళ్లు చల్లడం కొందరికి అలవాటు, అది ఇంకా చెరుపు. గవుల్లోకి కాగడాలు వద్దు, పొగకు గోడలు నల్లబడతాయి. బ్యాటరీ లైటు చాలు. గబ్బిలాలు కనిపిస్తే చప్పుడు చేయకుండా వెనక్కి రావాలి. పేర్లు చెక్కే సరదా ఉన్నవాళ్లు ఇంట్లో పలక కొనుక్కోవచ్చు.

నంద్యాల జిల్లాలో బనగానపల్లెను మకాం చేసుకుంటే అన్నీ కలిసొస్తాయి. నంద్యాల నుంచి బస్సులున్నాయి. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల లైను పడ్డాక రైలూ వచ్చింది. పొద్దున్నే యాగంటి, ఎండ ముదిరేలోగా జ్వాలాపురం. మధ్యాహ్నం బేతంచెర్ల వైపు. బెలుంకు మర్నాడు, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మామిడిపళ్ల కోసం వేసవిలోనే వెళ్తామంటే నీళ్లు, టోపీ మర్చిపోకండి. లోయలో చెట్టు నీడ తక్కువ. ఖాళీ సీసాలు మాత్రం బనగానపల్లె దాకా వెనక్కి తెచ్చి పారేయండి.