డెబ్బది వేల రూపాయల పాఠము

గణితోపాధ్యాయుడు లెక్క తప్పుట వింతగా దోచవచ్చును. ఐనను నేనొక లెక్క తప్పితిని. ఆ తప్పును దాచుటకంటె మన పాఠశాల సంచికలో వ్రాసినయెడల విద్యార్థులకును వారి తలిదండ్రులకును కొంత మేలు కలుగునని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు తీరమున ఫార్ములా ఇ అను విద్యుత్ కార్ల పందెము జరిగెను. మన దేశమున నట్టి పందెము జరుగుట అదియే ప్రథమము. ఫ్రాన్సు దేశస్థుడగు జాన్ ఎరిక్ వెర్న్యు దానిలో గెలిచెను. మా కుమారుడు టెలివిజనులో దానిని జూచిన నాటినుండి వానికి పందెములే ధ్యానమయ్యెను. అంతవరకు భయమేమియు లేదు. కాని 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో నొకనాడు వాడు నా మోటారు సైకిలు దీసికొని, నాతో చెప్పకయే జాతీయ రహదారి మీదికి పోయెను. కోవూరు దాటి కొంత దూరమేగిన పిమ్మట చక్రము జారి పడెను. ఒక లారీ డ్రైవరు వానిని మా యింటికి జేర్చెను. మోకాలును మోచేయియు గీరుకొనిపోయినవి. అంతకంటె కీడు జరుగలేదు. వానికప్పుడు పదునేడేండ్లు. గేర్లుగల బండి నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండి లైసెన్సు పొందవలెనని చట్టము.

ఆ రాత్రి నేను కోపించుటకును శక్తి లేక కూర్చుంటిని. వాడే ముందుగా పలికెను. “నాన్నగారూ, తప్పు చేసితిని. మరల బండి ముట్టను. కాని నా మనస్సు వేగముమీదనే యున్నది. దానినేమి చేయుదును?” అని యడిగెను. వాడు సత్యము పలికెను గనుక దానికి సత్యమైన జవాబే యీయవలసి యుండెను. అప్పుడు వాడు సిమ్ రేసింగు సంగతి నాకు తెలియజేసెను. కంప్యూటరునకు స్టీరింగు చక్రమును పాదములతో నొక్కు పెడళ్లను తగిలించి, నిజమైన కారు నడుపునట్లే పందెమాడుట యని దాని యర్థము. వట్టి బొమ్మలాట కాదు. టైరు పట్టు, కారు బరువు, బ్రేకుల వేడి మొదలగువానిని కంప్యూటరు క్షణక్షణమును గణించుచుండును.

నా భార్యతో నాలోచించి యొక యొడంబడిక చేసికొంటిమి. లైసెన్సు వచ్చువరకు వాడు బండి తాళము ముట్టరాదు. మేము డెబ్బది వేల రూపాయలు మాత్రము వెచ్చింతుము. అంతకు మించిన పైకమీయము. “ఏమండీ, వంటయింటి కప్పు బాగుచేయుటకై దాచిన చీటీ సొమ్ము జోలికి మాత్రము పోవలదు” అని ఆమె నన్ను హెచ్చరించెను. నేనొప్పుకొంటిని.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి సంగతి యేమనగా, పాఠ ప్రణాళికలో ముందుగా ఉద్దేశము వ్రాయవలెను; సాధనములు పిమ్మట వచ్చును. కంప్యూటరు కొనువారు పెక్కుమంది దీనిని తలక్రిందులు చేయుదురు. యంత్రము ముందు కొని, పిమ్మట దానితో నేమి చేయుదుమా యని చూతురు. మేము ముందుగా ఆటను నిర్ణయించితిమి. ఇటలీ దేశపు కూనోస్ సంస్థవారు 2014లో పూర్తిగా విడుదల చేసిన అసెట్టో కోర్సా యనునది పాతదైనను నేటికిని ఆదరము గలది. సామాన్యమైన కంప్యూటరుమీదను చక్కగా నడచును. అదే సంస్థవారి అసెట్టో కోర్సా కాంపిటిజియోనె 2019లో వచ్చినది, అది బరువైనది. మొదటిదానికి చాలినంత, రెండవదానికి ఓర్చుకొనగలిగినంత యంత్రము కావలెనని పుస్తకములో వ్రాసికొంటిమి.

పిమ్మట తెర సంగతి. ఇంటనున్న పాత మానిటరు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గలది. గుణించినచో 20,73,600 చుక్కలు. పందెగాండ్రు మూడు తెరలు వరుసగా పెట్టుకొందురు. అపుడు 62,20,800 చుక్కలు. 4కె యను తెరకు 82,94,400 చుక్కలు. ఈ చుక్కలన్నిటిని సెకనునకు పెక్కు మారులు గీయవలసినది గ్రాఫిక్సు కార్డు. చుక్కలు పెరిగినకొలది ఖరీదైన కార్డు కావలెను. కావున ఉన్న తెరతోనే సరిపెట్టుకొనుటవలన వేలకొలది రూపాయలు మిగిలెను.

ఇక సెకనునకు ఎన్ని చిత్రములు కావలెను? దీనిని తరగతిలో లెక్కగా నిచ్చితిని. గంటకు 180 కిలోమీటర్లు పోవు కారు సెకనునకు 50 మీటర్లు పోవును. సెకనునకు 30 చిత్రములైనచో, ఒక చిత్రమునకును మరియొక చిత్రమునకును నడుమ కారు సుమారు 1 మీటరు 67 సెంటీమీటర్లు కదలును. 60 చిత్రములైనచో 83 సెంటీమీటర్లే. మలుపునొద్ద బ్రేకు నొక్కువాని కీ భేదము చాల పెద్దది. కావున చిత్రము లెంత సొగసుగా నున్నవి యనుటకంటె, సెకనునకు 60కి తగ్గకుండ నిలకడగా వచ్చుచున్నవా యనుట ముఖ్యము. నీడలును అద్దములలోని ప్రతిబింబములును తగ్గించినయెడల ఈ నిలకడ సులభముగా దొరకును.

మూడవది, స్టీరింగును పెడళ్లును. సొమ్మంతయు కంప్యూటరునకే పోసి మీటలతో నాడుట వ్యర్థము. టైరు పట్టు తప్పునప్పుడు చక్రము చేతికి తెలుపవలెను. బ్రేకు పాదమునకు బిగువుగా నుండవలెను. లాజిటెక్ జి29 యను చక్రమును మూడు పెడళ్లతో సహా, నెల్లూరులోని యొక యువకునియొద్ద పదునైదు వేలకు కొంటిమి. అది 900 డిగ్రీలు, అనగా రెండున్నర చుట్లు తిరుగును. వడ్రంగిచేత గట్టి చెక్క పీఠము చేయించితిమి. అది వేయిన్ని యైదువందలు.

ల్యాప్‌టాపు కొనుడని కొందరు సలహా యిచ్చిరి. కాని ల్యాప్‌టాపులో గ్రాఫిక్సు భాగము సాధారణముగా మార్చుటకు వీలుకాదు. మన నెల్లూరు సీమ యెండలలో ఇరుకైన పెట్టెలో వేడి యెక్కువగును. డెస్క్‌టాపైనచో చెడిన భాగము నొక్కదానినే మార్చవచ్చును. కావున చెన్నపట్టణమునకు రైలులో పోయి, మౌంటు రోడ్డు చెంతనున్న రిచీ వీధిలో ఆరు కోర్లు గల రైజెన్ 5 5600 ప్రాసెసరును, మదరుబోర్డును, 16 జీబీ మెమరీని, ఎస్ఎస్‌డీని, పెట్టెను, విద్యుత్తు నందించు ఎస్ఎంపీఎస్‌ను బిల్లులతో కొంటిమి. అన్నియు గలిసి ముప్పదియొక్క వేల అయిదువందల రూపాయలయ్యెను.

ఇచటనే నా తప్పు. కొత్త గ్రాఫిక్సు కార్డు ఇరువదియొక్క వేలు. వాడిన కార్డు నొకదానిని తొమ్మిది వేలకే యిత్తునని ఆ పట్టణమున నొకరు చెప్పిరి. “నాన్నగారూ, కంప్యూటరులో పెట్టి ఒక గంటసేపు నడిపించి చూతము. క్రిప్టో నాణెముల గనులలో రేయింబవళ్లు వాడిన కార్డులు 2022 తరువాత చాల వచ్చినవట” అని కుమారుడు బతిమాలెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఎథీరియం అను నాణెపు పద్ధతి మారుటచే కార్డులు పనిలేక అమ్మకమునకు వచ్చిన మాట నిజమే. కాని రైలు వేళయగుచున్నదనియు, పండ్రెండు వేలు మిగులుననియు నేను త్వరపడితిని. తొమ్మిదవ దినమున తెర నల్లబడెను. అమ్మినవారు ఫోను తీయలేదు. బిల్లు లేదు, హామీ లేదు.

కుమారుడు నన్నొక్క మాటయు ననలేదు. అనినయెడల నాకు తేలికగా నుండెడిది. తుదకు మూడేండ్ల హామీ గల రేడియాన్ ఆర్ఎక్స్ 6600 కార్డును, మొదట వలదన్న ధరకే కొంటిని. మొత్తము లెక్క వేయగా 78,000 రూపాయలాయెను. మొదటనే కొత్తది కొనియున్నచో 69,000కే ముగిసి వేయి రూపాయలు మిగిలియుండెడివి. ఎక్కువైన ఎనిమిది వేలు చీటీ సొమ్ములోనుండి వచ్చినవని వేరుగా చెప్పనేల? ఆ యేడు కార్తిక మాసపు వానలలో మా వంటయింట రెండు బకెట్లు పెట్టుకొంటిమి. నా భార్య బకెట్టు పారబోయుచు నావైపు చూచినప్పుడెల్ల నేను కిటికీవైపు చూచుచుంటిని.

మరి రెండు సంగతులు తలిదండ్రులకు మనవి. ఎస్ఎంపీఎస్ దగ్గర పొదుపు చేయరాదు; చవుకబారుది చెడినచో తక్కిన భాగములనుకూడ చెరుపవచ్చును. మన ఊరిలో బియ్యపు మిల్లుల ఊక దుమ్మును, సముద్రపు చెమ్మగాలియు గలవు. నెలకొకసారి ఫ్యానుల దుమ్ము దులుపవలెను. ఆ పని మా యింట కుమారునిదే.

ఒకనాడు వాడు నన్ను చక్రము ముందు కూర్చుండబెట్టెను. మొదటి మలుపుననే గోడను గుద్దితిని. “నాన్నగారూ, బ్రేకును మలుపులో కాదు, మలుపునకు ముందే తిన్నని దారిలో నొక్కవలెను. టైరునకున్న పట్టు ఒక్కటే, దానిని బ్రేకునకును తిరుగుటకును పంచవలసి యున్నది” అని బోధించెను. ఇరువది యేండ్లుగా బోధించుచున్న నేను ఆ సాయంకాలము విద్యార్థినైతిని.

ఆటనుండి నిజమైన పందెములకు పోయినవారు లేకపోలేదు. బ్రిటను దేశపు జాన్ మార్డెన్‌బరో 2011లో ఆటగాండ్ర పోటీలో నెగ్గి, 2013లో లె మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమున కారు నడపెను. అట్టివారు బహు కొద్దిమంది. మేమా యాశతో సొమ్ము పెట్టలేదు. రహదారిమీదికి పోవు కోరిక యింటిలో నొక గదిలో నిలుచుటకును, చదువు ముగిసిన పిమ్మట దినమున కొక గంట మాత్రమే నడుచుటకును పెట్టితిమి. ఆ రెండును జరిగినవి. 2025లో వానికి పదునెనిమిదేండ్లు నిండెను; లైసెన్సు వచ్చెను. తాళము నేనిచ్చువరకు వాడు చేయి చాపలేదు.

మొన్న పాత లెక్కల పుస్తకమును తిరుగవేయుచుండగా, పోయిన తొమ్మిది వేల కెదురుగా నేను వ్రాయక ఖాళీగా విడిచిన చోట వాని దస్తూరీ కనబడెను. “నాన్నగారి ఫీజు” అని వ్రాసియుండెను. నేను దానిని కొట్టివేయలేదు. వంటయింటి కప్పు ఈ వేసవిలో బాగుచేయించితిమి.