ముదిరిన రబ్బరు

గృహిణికి వంటయిల్లు, పూజామందిరము, పిల్లల చదువు, ఇంతవఱకే పని యని తలచువారు నేటికిని లేకపోలేదు. కాని యింటివారి ప్రాణము దేనిపై నాధారపడి యున్నదో దానిని గూర్చి యించుకైన తెలిసికొనుట గృహిణికి ధర్మమే యని మా యభిప్రాయము. ప్రొద్దున భర్త యెక్కిపోవు వాహనము సాయంకాలము క్షేమముగా మరలి రావలెనని దీపము పెట్టి మ్రొక్కుట మంచిదే. అది యెట్లు నడచునో, యెందుచేత చెడునో యెఱిగియుండుట యింకను మంచిది. ఇటీవల మా యింట జరిగిన యొక పనిని సోదరీమణులకు తెలుపుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా మామగారు కొనిన రాజ్‌దూత్ 350 మోటారు సైకి లొకటి మా యింట నున్నది. జపాను దేశపు యమహావారి సహకారముతో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో మన దేశమున ప్రవేశపెట్టిన వాహన మిది. ఇంజను 347 ఘన సెంటీమీటరులది, సిలిండరులు రెండు. దీని తయారీ నిలిచిపోయి మూడు దశాబ్దములు దాటినది. మామగారు గతించిన పిమ్మట మావారు దీనిపైననే పదునాలుగు కిలోమీటరుల దూరమున నున్న తమ బడికి పోయివచ్చుచున్నారు. దీనిని తూకమునకు వేసి క్రొత్తది కొనుక్కొమ్మని చెప్పువా రెందఱో. అత్తగారు మాత్రము సాయంకాలము వీధి మొగను ఆ చప్పుడు వినబడువఱకు కుదురుగా కూర్చుండరు.

సిలిండరులు రెండగుటచే కార్బ్యురేటరులును రెండు. కార్బ్యురేట రనగా పెట్రోలును గాలిని తగుపాళ్లలో కలిపి యింజనున కందించు పాత్ర. దాని గొంతు నడుమ సన్నము. ఇంజను గాలిని పీల్చినపుడు ఆ యిఱుకు చోట గాలి వేగము హెచ్చి యొత్తిడి తగ్గును. అంతట క్రింది గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రముగుండ పైకెగసి తుంపరయై గాలిలో కలియును. వేగము హెచ్చినచోట నొత్తిడి తగ్గునను సూత్రమును డానియెల్ బెర్నూలీ యను పండితుడు 1738లో తన గ్రంథమున ప్రకటించెను. ఇంటిపై నీళ్లతొట్టిలో తేలు బంతి నీటిమట్టమును నిలుపునట్లే, ఆ చిన్నగిన్నెలో నొక తేలు బుడ్డి పెట్రోలు మట్టమును కాపాడును. 2020 ఏప్రిలు నుండి వచ్చిన కొత్త కాలుష్య నిబంధనలతో నూతన వాహనములలో నిది చాలవఱకు మఱుగుపడినది. పాతబండ్లకు మాత్రము నేటికిని ప్రాణ మిదియే.

ప్రతి కార్బ్యురేటరునకు ముందొక రబ్బరు తొడుగు, వెనుక నొకటి యుండును. ముందుది యింజనునకును, వెనుకది గాలిని వడపోయు పెట్టెకును కలుపును. మెకానిక్కులు వీనిని బూటు లందురు. మొత్తము నాలుగు. ముడి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగునది. దానిని గంధకముతో చేర్చి కాచి గట్టిపఱచు పద్ధతికి అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందెను. ఏ వేడిమి రబ్బరునకు సత్తువ నిచ్చెనో, ఆ వేడిమియే యేండ్ల తరబడి తగిలినచో దానిని ముదిరించి కొయ్యవలె చేయును. పెట్రోలు ఆవిరియు, గాలిలోని ఓజోనును దానికి తోడగును. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట వచ్చినది. ఆ నాటి రబ్బరులు దానిని తలచి చేసినవి కావు.

మొన్న వేసవి సెలవులలో కార్బ్యురేటరులను విప్పి శుభ్రపఱచుట వఱకు సులువుగనే సాగినది. మరల బిగించుటయే కష్టమైనది. తొడుగులు గట్టిపడి యిత్తడి గాజులవలె నుండెను. కార్బ్యురేటరు మూతి వానిలో దూఱదు. పిలిచి చూపగా మెకా నిక్కొకడు స్క్రూడ్రైవరుతో తన్నిపట్టి నెట్టుడని చెప్పి పోయెను. అట్లు చేసినచో నంచు చినుగుట నిశ్చయము. ఆ రాత్రి అత్తగారి మోకాళ్లకు కాపడము పెట్టుచుండగా, బిగిసిన కీలు దేనికి లొంగునో రబ్బరును దానికే లొంగవలెను గదా యని మాకు తోచినది.

మఱునాడు పెట్రోలు కొళాయి కట్టి, పొయ్యికి దూరముగా పెరటి యరుగుపై పని మొదలుపెట్టితిమి. నీళ్లు లోపల కాచి బయటికి తెచ్చితిమి. వెనుక తొడుగులను ఊడదీసి మరుగు తగ్గిన నీటిలో ఐదు నిమిషము లుంచితిమి. ముందువానిని తీయక, ఇంజనులోనికి నీరు పోకుండ లోపల పొడిగుడ్డ దోపి, వేడినీటి గుడ్డను చుట్టి కాపడము పెట్టితిమి. గాలిపెట్టె మఱలు వదులుచేసి దానిని అర అంగుళము వెనుకకు జరిపినచో చోటు దొరకినది. బిగింపు పట్టీలను పూర్తిగా వదలి, దోపిన గుడ్డలను లెక్కచూచి తీసి, తొడుగుల లోయంచునకు సబ్బునీరు రాచి, కార్బ్యురేటరును అటునిటు త్రిప్పుచు నొత్తగా ఎడమవైపుది చక్కగా కూర్చున్నది. కుడివైపున మాత్రము ముందు తొడుగును వంచి చూడగా మొదట వెండ్రుకవంటి పగులు కనబడినది. కాపడము బిగువును సడలించునే గాని పగులు నతుకదు.

బడులు తెఱచుటకు నాలుగు దినములే యుండెను. ఏదైన బంక పూసి నడిపింతునని మావారు, వలదని మేము. పగులుగుండ దొంగగాలి చొరబడినచో పెట్రోలు పాలు తగ్గును. అట్టి మిశ్రమము మిక్కిలి వేడితో మండును. పిస్టను ఉబ్బి సిలిండరును కఱచుకొని, పరుగెత్తు బండి వెనుకచక్రము ఉన్నట్లుండి బిగిసిపోవును. ఇది వారికి తెలియనిది కాదు. రెండు బస్సులు మాఱి పోవలసివచ్చునను విసుగు తెలివిని మించినది. మాటకు మాట పెరుగుచుండగా అత్తగారు గడపకడ నిలిచి మెల్లగా ననిరి: “మీ నాన్న చేయి విఱిగిననాడు ఇసుకలో జారితినని మనకు చెప్పినారు నాయనా. ఇసుక కాదు. ఇంజను పట్టేసినది. వెంటనున్నవారు నాకు తరువాత చెప్పినారు. బంక వద్దు.”

ఇన్నేండ్లు ఆ మాట నామె యెవరితోను చెప్పలేదు. మావారు స్పానరు క్రింద పెట్టి లోపలికి పోయిరి. పదునొకండు దినములు ఏడు గంటలకే బయలుదేరి చీకటి పడినపిదప బస్సులో వచ్చిరి. మొదటి రెండు దినములు మాతో పలుకలేదు, మేమును పలుకరింపలేదు. మూడవనాడు టిఫినుడబ్బా అందుకొనుచు, “కొరియరు వచ్చినదా?” యని అడిగిరి.

క్రొత్త తొడుగులు వచ్చినవి. వేడినీరక్కఱలేకయే బొటనవ్రేలి యొత్తుడుకే యవి లొంగినవి. పాతవి మూడును మాఱ్చివేసితిమి. ఒకే వయసువి గదా, ఒకదాని వెనుక నొకటి పగులక మానవు. కార్బ్యురేటరులు పక్కకు వాలక నిటారుగా నున్నవేమో చూచి పట్టీలు బిగించితిమి. వాలినచో గిన్నెలో మట్టము తప్పును. కాడి క్రింది జోడెడ్లవలె రెండును కలిసి యడుగు వేయవలెను గనుక, లోపలి పలకలు రెండు నొక్కసారి లేచునట్లు తీగలు సవరించినారు. ఇంజను నడుచుచుండగా అతుకులపై సబ్బునీరు చిలికి చూచితిమి, చప్పుడు మాఱలేదు. గాలి చొచ్చుచున్నచో చప్పుడు తడబడును. ముప్పది కిలోమీటరులు నడిపిన పిదప స్పార్కు ప్లగ్గు తీసి చూడగా కాఫీపొడి రంగున నున్నది. తెల్లబాఱినచో పెట్రోలు చాలదని, మసిబాఱినచో హెచ్చినదని గుర్తు.

సోదరీమణులారా, మీ యింట పాత మోటారు సైకిలు లేకపోవచ్చును. కాని రబ్బరు లేని యిల్లు లేదు. ప్రెషరుకుక్కరు మూతలోని వలయము, గ్యాసుపొయ్యి గొట్టము, ఇవియు నిట్లే వేడికి ముదురును. గొట్టముపై అచ్చువేసిన గడు వొకటి యుండును. నేడే చదివి చూడుడు. దానిని వంచి పగుళ్లు వెదకుడు. అతుకులకు సబ్బునీరు పూసి బుడగలు లేచునేమో పరీక్షింపుడు. గడువు తీఱినచో బాగుగనే యున్నదిగదా యని జాగు చేయవలదు. ఎవరైన విసుగుకొన్నను రెండు దినములలో మఱతురు.