మోత ఎక్కడిది?

సంచికకి ఏదైనా వ్రాయమని మా యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, వ్రాయడానికి నా దగ్గర ఏముందిలే అనుకున్నాను. కవిత్వం రాదు. కథలు అంతకంటే రావు. చింతలపూడి దగ్గర రైతు కుటుంబంలో పుట్టి ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి. అందుకని నాలుగు రాత్రులు నన్ను నిద్రపోనివ్వని ఒక మోత సంగతి వ్రాస్తున్నాను.

నా రూమ్మేటుకి సంగీతమంటే పిచ్చి. కాలేజీ ప్రదర్శనకి ఇద్దరం కలిసి చిన్న మాడ్యులర్ సింథసైజర్ చేద్దామన్నాడు. ఇందులో ఒక పెట్టె స్వరం పుట్టిస్తుంది, ఇంకొకటి దాన్ని వడగడుతుంది. వాటిని తీగలతో మనకిష్టమైనట్టు కలుపుకోవచ్చు. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ మొదలుపెట్టిన దారి ఇది. అందులో నా వంతుకి వచ్చింది ప్రతిధ్వని ఇచ్చే పెట్టె, అంటే అనలాగ్ డిలే.

దాని గుండెకాయ ఒక చిప్పు. ఆ పద్ధతిని 1969లో హాలెండులోని ఫిలిప్స్ పరిశోధకులు సాంగ్‌స్టర్, టీర్ ప్రకటించారు. పేరు ‘బకెట్ బ్రిగేడ్’. మనవైపు పాకలు అంటుకుంటే చెరువు దాకా జనం వరుసగా నిలబడి బిందెలు అందించుకుంటారు చూడండి, అచ్చం అదే! ఇక్కడ బిందెలు కెపాసిటర్లు, నీళ్ళు విద్యుదావేశం. ‘‘ఊ, అందించండి’’ అని కేకలేసేది క్లాకు. నా చిప్పులో 4096 గడులు. క్లాకు ఒక్కసారి కొడితే శబ్దం రెండు గడులు దాటుతుంది. సెకనుకి 10,000 సార్లు కొడితే, ఈ చివర ఇచ్చిన శబ్దం ఆ చివరికి చేరడానికి 204.8 మిల్లీసెకన్లు పడుతుంది.

బోర్డు తయారుచేసి స్విచ్చి వేశాను. ప్రతిధ్వని వచ్చింది. దాంతోపాటు మోతా వచ్చింది. కింద గుయ్‌మని ఒకటి, పైన కీచుమని ఒకటి, మధ్యలో ‘స్స్’మని ఇంకొకటి. సెలవులకి దాన్ని సంచిలో వేసుకుని, ఏలూరులో బస్సెక్కి ధర్మాజీగూడెం మీదుగా ఇంటికి చేరాను.

అరుగు మీద కూర్చుని, చేతికి దొరికిన భాగమల్లా ఊడబీకి కొత్తది అతికిస్తున్నాను. పొలం నుంచి వచ్చిన నాన్న కాసేపు చూసి, ‘‘ఏంట్రా అబ్బాయ్ ఆ గోల?’’ అన్నాడు.

‘‘నీకు తెలీదులే నాన్నా’’ అన్నాను విసుగ్గా.

ఆ చిప్పు కొన్నది పామాయిలు గెలలు అమ్మిన డబ్బుతోనే. నాన్న ఏమీ అనలేదు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. అన్నం తిన్నాక మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

‘‘ఆ మర తిప్పితే మోత మారుతుందా?’’ అన్నాడు, డిలే నాబు చూపించి.

నిజం చెబుతున్నాను, నాలుగు రోజుల్లో నాకా ఆలోచనే రాలేదు! తిప్పాను. కీచు సన్నబడింది, బరువెక్కింది. గుయ్ మాత్రం కదల్లేదు.

‘‘అయితే రెండూ ఒకటి కాదు. ఆయిలింజనుకి మోతొస్తే జోరు మార్చి చూస్తాం. మోత కూడా మారితే తిరిగేదాన్లోది. మారకపోతే వేరే చోటిది.’’

ఇక తిరిగేది ఏమిటో నాకు తెలుసు. నాబుతో మారేది క్లాకు ఒక్కటే. డిలే పెంచితే క్లాకు నెమ్మదించి, మన చెవికి వినపడేంత కిందికి దిగుతుంది. దాన్ని ఆపవలసింది చివరనున్న ఫిల్టరు. టార్చిలైటు వేసి చూస్తే, 103 అని ఉండవలసిన కెపాసిటరు చోట 102 ఉంది! పదో వంతు విలువ. కలుపు తీసే చోట కళ్ళు మూసుకున్నట్టయింది నా పని. మార్చగానే కీచు అణిగింది.

మారని గుయ్ కరెంటుది, సెకనుకి 50 సైకిళ్ళది. షీల్డు వైరుని రెండు చివరలా గ్రౌండుకి కలపడంతో చుట్టు ఏర్పడి కరెంటు మోత లోపలికొచ్చింది. షీల్డు ఒక కొస విప్పితే పోయింది. జూనియర్లకి ఒక మాట: మెయిన్స్ ఎర్తు మాత్రం ఎప్పుడూ విప్పకండి. అది మోతకి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది.

‘స్స్’ కొంత మిగిలిపోయింది. ప్రతిధ్వని తిరిగి తిరిగి వచ్చేకొద్దీ అదీ పెరుగుతోంది. బిందెల సంగతి చెప్పి, ఇది పూర్తిగా పోదేమో నాన్నా అన్నాను.

‘‘అన్ని చేతులు మారితే కాస్తయినా ఒలకదా?’’ అన్నాడు.

ప్రదర్శనలో మా పెట్టె బాగానే మోగింది. ఎక్కడ నేర్చుకున్నావని ఒక లెక్చరరుగారు అడిగితే, ఏదో పుస్తకం పేరు చెప్పి తప్పించుకున్నాను. ఆ రాత్రి ‘నీకు తెలీదులే’ అన్నందుకు నాన్నకి ఇంతవరకూ ఏమీ చెప్పుకోలేదు. మా ఇంట్లో అలాంటి మాటలు నోటితో చెప్పుకునే అలవాటు లేదు. ఈ సంచిక అచ్చయి వస్తే ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్ళి అరుగు మీద పెడతాను. నాన్న తీరికగా చదువుకుంటాడు.