రెండు హారన్లు

మా తమ్ముడు లారీ నడుపుతాడు. ఎమ్మే చదివి కాలేజీలో తెలుగు చెప్పే నాకు, ఈ మాట నలుగురిలో అనడానికి ఒకప్పుడు నామోషీగా వుండేది. ఆ తెలివితక్కువతనం పోయి చాలా కాలమైంది లెండి.

కైకలూరులో చేపలను ఐసులో సర్ది ఎక్కిస్తారు. హౌరా వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. ఐసు కరిగేలోగా చేరాలి. మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలే పనని చట్టం. సొంత లారీకి యజమానీ పనివాడూ తానే అయితే అడిగేదెవరు?

మా యిల్లు భీమడోలులో, హైవే పక్కనే. రాత్రిపూట రెండుసార్లు హారన్ మోగితే మా మరదలు కారియరు పట్టుకుని రోడ్డుమీదికి పరుగెడుతుంది. చంకలో నాలుగేళ్ళ పిల్ల, నిద్రకళ్ళతో. పది నిమిషాలు. అంతే సంసారం.

మొన్న సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటిపట్టున వున్నాడు. రెండోనాటి రాత్రి ఎవరిదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. తండ్రి పక్కలో పడుకున్న పిల్ల దిగ్గున లేచి, "నాన్నొచ్చాడు!" అంటూ వీధి తలుపుకేసి పరుగెత్తింది.

మేమంతా నవ్వాం. వాడు నవ్వలేదు.

"అన్నయ్యా, దగ్గర కిరాయిలు చూసుకోనా?" అన్నాడు ఆ రాత్రే, అరుగుమీద కూర్చుని.

రాబడి తగ్గుతుంది, అప్పు తగ్గదు. లారీ అప్పు కాగితాలమీద హామీ సంతకం నాదే.

"చూసుకోరా" అనడానికి నాకు తెల్లవారింది.