రాళ్ళు చూడబోయిన రోజు

ప్రైవేటు గైడు అంటే ఏమిటో పెరూ దేశం వెళ్ళేదాకా నాకు తెలియదు. హంపీలోనూ అజంతాలోనూ నేను చూసిన గైడ్లందరూ ఉమ్మడి సొత్తు. ఒక్క మనిషి వెనకాల నలభై మందిమి నడుస్తాం. ఇష్టమైతే వింటాం, లేకపోతే కాస్త వెనకబడి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నటిస్తాం. ప్రైవేటు గైడు దగ్గర ఆ సదుపాయం లేదు. మేమిద్దరం ఆడవాళ్ళం, అతనొక్కడు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి రాత్రి పదింటిదాకా అతను చెప్పే ప్రతి మాటకీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి.

ఈ ఏర్పాటు నాది కాదు. మా అక్కయ్యకి అరవై నిండబోతున్నాయని దాని కూతురు, తల్లీకూతుళ్ళం కలిసి మాచు పిక్చు చూద్దామని టిక్కెట్లూ గైడూ అన్నీ కుదిర్చింది. తీరా సమయానికి పిల్లకి ఆఫీసులో సెలవు దొరకలేదు. నేనప్పుడు అమెరికాలోనే ఉన్నాను, ఒక సాహిత్య సభకని వెళ్ళి. "నువ్వు రాకూడదుటే?" అంది అక్కయ్య ఫోనులో. ముందు ఆశ్చర్యపోయాను. తరువాత భయపడ్డాను.

భయమెందుకో చెప్పాలి. మా ఇద్దరి మధ్యా ఒక ఇల్లుంది. ఉంది అంటే, లేదు. నాన్నగారు కట్టించిన మండువా ఇల్లు, 2021లో అమ్మేశాం. అక్కయ్య అక్కడ, మేమిక్కడ. కరోనా రోజులు, తను రావడానికి వీల్లేదు. తమ్ముడూ నేనూ బేరం చూసుకుని కాగితాలు పంపితే సంతకం పెట్టి తిప్పి పంపింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కానీ ఆ రోజు నుంచీ తన మాటలో చిన్న మార్పు వచ్చింది. "మీ ఊళ్ళో వానలు పడుతున్నాయా?" "మీ ఇల్లు కొన్నాయన బావున్నాడా?" మీ ఊరు, మీ వీధి, మీ ఇల్లు! పదకొండేళ్ళు పెద్దది, నన్ను చంకనేసుకుని ఆ వీధంతా తిప్పిన మనిషి. "మన" అనే మాట తన నోట విని ఎన్నాళ్ళయిందో. ఫోన్లు కూడా సంక్రాంతికొకటి, దసరాకొకటిగా మిగిలాయి. అలాంటి అక్కచెల్లెళ్ళు రోజంతా పక్కపక్క సీట్లలో కూర్చోవాలంటే భయం కాదూ!

కుస్కో ఊరు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. దిగగానే తల దిమ్మెక్కింది. హోటలువాళ్ళు కోకా ఆకు వేసిన వేడినీళ్ళు ఇచ్చారు. అక్కడ అది మన అల్లం కషాయం లాంటిది. అదే ఆకు అమెరికాలో నిషేధం. అక్కయ్య ఒక్కొక్క గుక్కా తాగుతూ, తిరిగి వెళ్ళేటప్పుడు విమానాశ్రయంలో తన నోరు వాసన చూస్తారేమోనని దిగులు పడింది. విచిత్రమేమిటంటే మాచు పిక్చు కుస్కో కంటే వెయ్యి మీటర్లు కిందే ఉంది. కొండ మీది శిథిలాలు చూడడానికి కొండ దిగి వెళ్ళడం నా జీవితంలో అదే మొదలు.

చీకట్లో వ్యాను ఎక్కి ఓయాంతాయ్‌తాంబో చేరాం. అక్కడ రైలు. ఆ పైన మాచు పిక్చు దాకా రోడ్డు లేదు. ఒక పక్క ఉరుబంబా నది, ఒక పక్క కొండ, మధ్యలో ఒక్క పట్టాల జతకి చోటు. 2010 జనవరిలో వరదకి ఆ కాస్త దారీ కొట్టుకుపోతే వేలమంది యాత్రికులు అవతలే చిక్కుపడ్డారు. హెలికాప్టర్లలో తేవలసి వచ్చింది. నారో గేజి బండి, పైకప్పుకి కూడా అద్దాలు. మన అరకు బండికి అద్దాల పెట్టె తగిలించారు చూశారూ, అలాంటిదే. కాకపోతే అరకు బండిలో జామకాయలవాడు ఎక్కుతాడు, ఇక్కడ టై కట్టుకున్న కుర్రాడు ట్రేలో టీ తెస్తాడు.

అక్కయ్య సంచీలోంచి చపాతీలు, కొరివికారం తీసింది. గైడు అబ్బాయికి పెట్టింది. ముప్ఫై దాటిన వాడే గానీ మా అక్కయ్యకి అందరూ అబ్బాయిలే. అతను కొరివికారం నాలిక మీద వేసుకుని, కళ్ళు తుడుచుకుని, "ఉచు!" అన్నాడు. వాళ్ళ కెచువా భాషలో మిరపకాయట. మిరపకాయ పుట్టిల్లు తమ ఖండమేననీ, 500 ఏళ్ళ కిందట పోర్చుగీసు ఓడలెక్కి మా దేశం వచ్చిందనీ చెప్పాడు. బంగాళాదుంపా, వేరుశనగా కూడా అటునుంచి వచ్చినవేనట. "గుంటూరు వచ్చి ఈ మాట అనకు నాయనా" అంది అక్కయ్య.

కెచువా మాటలు ఇంకా చెప్పమన్నాను. రాసుకునే అలవాటు కదా, పుస్తకం తీశాను. మాచు అంటే ముసలి, పిక్చు అంటే శిఖరం. "నాలాంటిదేనన్నమాట" అంది అక్కయ్య. ఆడది తన తోబుట్టువు ఆడదైతే ఒక మాట, మగవాడైతే ఇంకొక మాట వాడుతుందట. అక్కయినా చెల్లెలైనా ఆడవాళ్ళకి "ఞాఞ". మన అక్షరమాలలో చ వర్గం చివర పనీపాటా లేకుండా కూర్చున్న ఞ ఉందే, దానికి ఇన్నేళ్ళకి ఒక పని దొరికింది!

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ అబ్బాయి ఉత్సాహంగా, "మా భాషలో ఉన్నది స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ లేనిది ఒకటుంది" అన్నాడు. "నేను 'నొఖాంచిస్' అంటే మీరూ నేనూ అందరం. 'నొఖాయ్కు' అంటే మేము మాత్రమే, మీరు కాదు. ఆ తేడా విదేశీయులకి చెప్పలేక చస్తాం."

"మాకు చెప్పక్కర్లేదు" అన్నాను. "మా భాషలోనూ ఉంది. మనం, మేము."

చెప్పి అక్కయ్య వైపు చూశాను. తను కిటికీలోంచి నదిని చూస్తోంది. ఆ నదిలో అంతసేపు చూడవలసింది ఏమీ లేదు.

రైలు దిగి, బస్సులో మలుపులన్నీ తిరిగి, పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్ళేసరికి అంతా మబ్బు. కనిపించేది మా గొడుగులే. గైడు ఆ మబ్బు తన తప్పే అయినట్టు మొహం పెట్టాడు. అరగంటకి తెర తీసినట్టయింది. ఆ దృశ్యం వర్ణించను. క్యాలెండర్ల మీదా టీవీలోనూ మీరు చూసినదే, అంతకంటే బాగుంది, అంతే.

1911 జులై 24న హైరమ్ బింగమ్ అనే అమెరికా చరిత్రకారుడు ఇక్కడికొచ్చి ఊరిని లోకానికి చూపించాడని చెబుతుంటే అక్కయ్య, "అప్పుడిక్కడ ఎవరూ లేరా?" అంది. ఉన్నారట. రెండు రైతు కుటుంబాలు ఆ మెట్ల పొలాల్లోనే సాగు చేసుకుంటున్నాయి. వాళ్ళలోని పిల్లవాడే ఆయన్ని వెంటబెట్టుకుని తిప్పి చూపించాడు. "కాపురాలున్న ఊరిని కనిపెట్టడమేమిటి, నా మొహం!" అంది అక్కయ్య. 1902లోనే లిసార్రగా అనే ఆయన వచ్చి గోడ మీద తన పేరు రాసుకుని పోయాడట కూడా. మన కోటల గోడలు చూసి సిగ్గుపడుతూ వచ్చిన నాకు కాస్త ఊరట కలిగింది.

పదిహేనో శతాబ్దంలో పచకూతి అనే ఇంకా చక్రవర్తి కట్టించిన ఊరది. సుమారు నూరేళ్ళకే వదిలేసి వెళ్ళిపోయారు. నేను నవలలు రాసేదాన్ని కాబట్టి ఎందుకు వెళ్ళారు, వెళ్ళేటప్పుడు ఎవరైనా ఏడ్చారా అని ఆలోచిస్తున్నాను. అక్కయ్య ప్రశ్నలు వేరు. నీళ్ళెక్కడివి? గైడు మొహం వికసించింది. యాత్రికులు ఫొటో ఎక్కడ బాగా వస్తుందనే అడుగుతారు గానీ ఇది అడగరట. కొండ మీద ఊట ఉంది. అక్కణ్ణుంచి సుమారు 750 మీటర్ల రాతి కాలవ. ఊళ్ళోకి వచ్చాక ఒకదాని కింద ఒకటిగా పదహారు ధారలు. మొదటి ధార రాజుగారింటికి. "అంతేలే" అంది అక్కయ్య. అంత వాన కురిసే కొండ మీద ఊరు జారిపోకుండా నిలబడిందంటే నేల కింద రాళ్ళూ కంకరా ఇసకా పొరలు పొరలుగా పరిచి నీరు ఇంకే దారి చేశారు గనక. పైకి కనిపించే పని కంటే కింద దాగిన పనే ఎక్కువట. గుళ్ళకీ రాజుగారి ఇళ్ళకీ సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి అమర్చారు. మామూలు ఇళ్ళకి మాత్రం మట్టి అడుసే.

ఆ మామూలు ఇళ్ళ దగ్గరే మేము ఆగింది. గోడల్లో గూళ్ళున్నాయి. కింద వెడల్పు, పైన సన్నం. అచ్చం దీపం పెట్టుకునే గూళ్ళే. అక్కయ్య మాట్లాడకుండా వెళ్ళి ఒక గూట్లో చెయ్యి పెట్టింది. ఎక్కడినుంచో కాపలావాడు ఈల ఊదాడు. గోడలు ముట్టుకోకూడదు. గైడు పరుగెత్తి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. అక్కయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది గానీ కదల్లేదు.

"కప్పులేమయ్యాయి?"

గడ్డి కప్పులు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మేకులకి తాళ్ళతో కట్టేవాళ్ళు. మనుషులు వెళ్ళిపోయాక కుళ్ళి పోయాయి.

"కప్పు పోయాక గోడలెన్నాళ్ళుంటాయి?"

"వీటికి నాలుగు వందల ఏళ్ళు దాటింది" అన్నాడతను గర్వంగా.

"మనవి ఆరు నెలలు ఉన్నాయి" అన్నాను నేను.

అనాలనుకోలేదు. నోరు జారింది. "ఏవి?" అంది అక్కయ్య.

ఇక చెప్పక తప్పలేదు. రిజిస్ట్రేషనయ్యాక కొన్నాయన ముందు పెంకులు దింపించాడు. తరువాత టేకు దూలాలు, స్తంభాలు, వీధి తలుపు విప్పించి అమ్ముకున్నాడు. డబ్బు చాలకో ఏమో గోడలు అలాగే వదిలేశాడు. అమ్మ తద్దినానికి ఊరు వెళ్ళి చూశాను. నడింట్లో ఎండ పడుతోంది. దేవుడి గూట్లో నూనె మరక అలాగే ఉంది. వంటింట్లో పిచ్చి తుమ్మ మొలిచింది. ఆ సంగతి మావారికి చెప్పాను, తమ్ముడికి చెప్పాను, అక్కయ్యకి చెప్పలేదు. "మీ ఇల్లు" అంటున్న మనిషికి ఎలా చెప్పను?

ఆ కొండ మీద నియమమేమిటంటే అందరూ ఒకే వైపు నడవాలి. వెనక్కి తిరగకూడదు, దారికడ్డంగా నిలబడకూడదు. వెనక జపాను వాళ్ళో కొరియా వాళ్ళో ముప్ఫై మంది వస్తున్నారు. అందుచేత నడుస్తూనే చెప్పాను, మెట్లు దిగుతూ, అక్కయ్య మోకాళ్ళు నొప్పి కాబట్టి చెయ్యి పట్టుకుని దింపుతూ. గైడుకి తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పొద్దుటినుంచీ మమ్మల్ని క్షణం వదలని ఆ అబ్బాయి పదడుగులు ముందుకి వెళ్ళి, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

అక్కయ్య ఏడుస్తుందనుకున్నాను. "ఎండ ఎటునుంచి పడుతోంది?" అంది. తూర్పు నుంచి అన్నాను. "అయితే అమ్మ మంచం చోటే" అంది. ఇంకేమీ అనలేదు.

చివరలో ఒక గది ఉంది. నేలలోనే రాతిని చెక్కి పళ్ళేల్లాంటివి రెండు చేశారు, గుండ్రంగా, నున్నగా. "రోళ్ళు!" అంది అక్కయ్య. బింగమ్ కూడా మొక్కజొన్నలు దంచే రోళ్ళనే అనుకున్నాడట. ఇప్పటి వాళ్ళు కాదంటున్నారు. నీళ్ళు పోసి, అందులో ఆకాశం నీడ చూసి నక్షత్రాల లెక్క కట్టేవాళ్ళని ఒక అభిప్రాయం. అక్కయ్య ఒప్పుకోలేదు. అంత లోతులేని రోట్లో గింజ నిలవదు కదా అంటే, "ఆ బింగమ్ కంటికీ నా కంటికీ ఒకటే కనిపించింది కదా" అంది. కాసేపాగి నా వైపు తిరిగింది.

"రోలు కూడా అమ్ముకున్నాడా?"

వంటింటి నేలలో పాతిన రోలు. అమ్మ మెట్టినప్పటిది.

"నా దగ్గరుంది" అన్నాను.

నలుగురు మనుషుల్ని పెట్టి తవ్వించి లారీలో హైదరాబాదు తెచ్చాను. మూడో అంతస్తుకి ఎక్కించనివ్వలేదు అపార్ట్‌మెంటు సంఘంవాళ్ళు. చివరికి కింద వాచ్‌మన్ గది పక్కన పెట్టించాను. దంచేదెవరు? వాచ్‌మన్ అందులో నీళ్ళు పోస్తాడు. గోరింకలు వచ్చి తాగుతాయి. అప్పుడప్పుడు స్నానం కూడా చేస్తాయి. ఆ సంగతీ చెప్పలేదు. రోలు సంగతి చెప్పాలంటే కప్పు సంగతి చెప్పాలి మరి.

అక్కయ్య ఆ రాతిపళ్ళేల వైపు ఇంకొకసారి చూసింది. ఈలోగా వెనకవాళ్ళు తోసుకొచ్చారు.

తిరుగు రైల్లో ఒక విడ్డూరం జరిగింది. పొద్దున్నటిలాగే టీలు అందించిన కుర్రాడూ అమ్మాయీ ఉన్నట్టుండి అల్పాకా ఉన్ని స్వెట్టర్లు తొడుక్కుని, పాట పెట్టి, సీట్ల మధ్య సినిమా తారల్లా నడిచారు. స్వెట్టర్లు అమ్మకానికట. పెట్టె అంతా చప్పట్లు. గైడు అప్పటికే నిద్రపోయాడు, పాపం. అక్కయ్య కళ్ళు మూసుకునుంది. తనూ పడుకుందనుకున్నాను.

"ఏమే" అంది కళ్ళు తెరవకుండానే. "మన రోట్లో దోమలు చేరతాయి. రోజూ నీళ్ళు మార్చమని ఆ వాచ్‌మన్‌తో చెప్పు."

"సరే."

"సరే కాదు, ఇప్పుడే ఫోను చెయ్యి."

"అక్కడ తెల్లవారుజాము ఐదయింది."

"వాచ్‌మన్లు ఐదింటికే లేస్తారు."

ఫోను తీసి చూశాను. ఆ లోయలో సిగ్నలు లేదు. ఓయాంతాయ్‌తాంబో వచ్చేదాకా ఆగమన్నాను.