తలపాగా ఒక్కటే, కాఫీలు వేరు

కొత్త వూరు వెళ్లినప్పుడు కొందరు ముందుగా గుడి ఎక్కడని అడుగుతారు. కొందరు సినిమా హాలు ఎక్కడని అడుగుతారు. నేను కాఫీ హోటలు ఎక్కడని అడిగే జాతివాణ్ణి. మన తెలుగువాళ్లలో ఈ జాతి తక్కువేమీ కాదు. పైకి చెప్పుకోరు, అంతే.

ఉద్యోగరీత్యా చాలా వూళ్లు తిరిగాను. రిటైరయ్యాక అవే వూళ్లు మా ఆవిడతో కలిసి మళ్లీ తిరుగుతున్నాను. ఏ వూరు వెళ్లినా, పెట్టె లాడ్జిలో పడేసిన మరుక్షణం నా కళ్లు వెతికే బోర్డు ఒకటే - ఇండియన్ కాఫీ హౌస్.

ఎరగనివారి కోసం చెబుతున్నాను. లోపల అడుగు పెట్టగానే తెల్లని దుస్తులు, నడుముకు వెడల్పాటి పట్టీ, తలమీద విసనకర్రలా విచ్చుకున్న కుచ్చు తలపాగాతో ఒక మనిషి ఎదురొస్తాడు. పెళ్లికొడుకు తరఫువాడు కాడు, సర్వరే. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ నా చొక్కా పట్టి లాగి, "ఏమండీ, ఇదేదో సంస్థానంలా వుంది. చేతిలో తగినంత డబ్బుందా?" అని చెవిలో అడిగింది. తీరా బిల్లు వచ్చాక ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏదో వెయ్యడం మరిచిపోయాడేమో, పిలిచి చెప్పండి" అంది. మరిచిపోలేదు. అక్కడి ధర అంతే.

ఇన్ని వూళ్లలో ఒకే బోర్డు వుంటే దీనికెవరో ఒక కోటీశ్వరుడు యజమాని వుంటాడని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. 1936లో బొంబాయి చర్చిగేటు దగ్గర మొదటి కాఫీ హౌసు తెరిచింది కాఫీ సెస్ కమిటీ. తోటల్లో పండిన కాఫీ దేశంలోనే అమ్ముడుపోవాలంటే జనానికి తాగడం అలవాటు చెయ్యాలి గదా! తరువాత కాఫీ బోర్డు చేతికి వచ్చింది. 1940ల్లో ఇవి దాదాపు యాభైదాకా పెరిగాయి. 1950ల నడుమ బోర్డువారు ఇక ఈ హోటళ్లు మనకెందుకని మూసెయ్యడానికి నిర్ణయించారు. కప్పులు కడిగేవాళ్లు, కాఫీ కాచేవాళ్లు, అందించేవాళ్లు వీధిన పడే పరిస్థితి వచ్చింది.

అప్పుడు వాళ్ల పక్షాన నిలిచినవాడు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్. లా చదివినవారికి ఈ పేరు 1950 నాటి ముందస్తు నిర్బంధం కేసు వల్ల బాగా గుర్తుంటుంది. ఉద్యోగాలు తీసేస్తే తీసేశారు, మీరే సంఘంగా ఏర్పడి హోటళ్లు నడుపుకోండి అన్నది ఆయన సలహా. 1957 ఆగస్టులో బెంగుళూరులో మొదటి సహకార సంఘం పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 27న ఢిల్లీలో ఆ సంఘాల తాలూకు మొదటి కాఫీ హౌసు తెరిచారు. 1958 మార్చి 8న త్రిచూరులో తెరిచారు. ఇలా ఒక్కొక్కచోట ఒక్కొక్క సంఘం. ఒక్క కేరళలోనే రెండున్నాయి - ఒకటి త్రిచూరుది, ఒకటి కన్ననూరుది. కాబట్టి బోర్డు ఒకటే అయినా కుంపట్లు వేరు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు వేరుపడి, ఇంటిపేరు మాత్రం ఒకటే వుంచుకున్నట్టన్నమాట. రుచులెందుకు వేరో ఇందులోనే వుంది.

ముందు త్రివేండ్రం సంగతి చెప్పాలి. చెప్పకుండా వుండలేను గూడా.

తంపానూరులో రైలు దిగి బయటికి రాగానే, బస్సు స్టాండు పక్కన ఎర్ర ఇటుకల గుండ్రని కట్టడం ఒకటి కనబడుతుంది. మా ఆవిడ దాన్ని చూసి ధాన్యపు గాదె అనుకుంది. కట్టినవాడు లారీ బేకర్. ఇంగ్లండులో పుట్టి, ఇక్కడికి వచ్చి, ఇక్కడే వుండిపోయి, 1989లో మన దేశ పౌరసత్వం తీసుకున్న మహానుభావుడు. తక్కువ ఖర్చులో అందమైన ఇళ్లు కట్టడం ఆయన విద్య. 2007లో పోయారు.

ఈ కాఫీ హౌసులో అంతస్తులు లేవు, మెట్లూ లేవు. నేల మొత్తం ఒక్కటే వాలు. నత్తగుల్లలోలాగా చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. బయటి గోడ పొడుగునా ఇద్దరికో నలుగురికో సరిపడా బల్లలు, బెంచీలు గోడతోపాటే కట్టేశారు. కుర్చీ జరుపుకోవడం, బల్ల కిర్రుమనడం అనే బాధ లేదు. నేల వాలినా బల్లలు వాలవు, అదే ఆశ్చర్యం. ఇటుకల మధ్య వదిలిన కంతల్లోంచి గాలీ వెలుతురూ చుక్కలు చుక్కలుగా లోపలికి వస్తాయి. వంటిల్లు కిందనే. సర్వర్లు చేతిలో పళ్లాలతో, తలమీద కుచ్చులతో, పొద్దస్తమానం గిరిప్రదక్షిణం చేస్తూ వుంటారు. పైన కూచుంటే వాళ్లకు కష్టమని మా ఆవిడ మొదటి చుట్టులోనే కూలబడింది. నేను మాత్రం రెండో పూట పైకంటా వెళ్లి కూచున్నాను. అక్కడినుంచి కంతలోంచి చూస్తే స్టేషనుకు పరుగెత్తేవాళ్లు కనబడతారు. మనకు రైలు లేదు గదా అనే సుఖంతో తాగిన కాఫీ రుచే వేరు.

ఇక మసాలా దోసె. ఆకలి మీద తెప్పించుకున్నాం. దోసె విప్పగానే మా ఆవిడ ఉలిక్కిపడింది. లోపలి కూర ఎర్రగా వుంది! బంగాళాదుంపలో బీట్‌రూటు కలిపారు. కేరళ కాఫీ హౌసుల్లో ఇది రివాజు. కట్లెట్టుకూ అదే రంగు. "దోసెలో బీట్‌రూటు పెట్టాలని తోచిన మహానుభావుడెవరో ఒకసారి చూపించండి" అంది. దోసె విషయంలో మన ఆడవాళ్లు సనాతనులు. ఆ మతంలో సంస్కరణలు ఒప్పుకోరు. సగం తిన్నాక, "కొంచెం తీపి. ఉల్లిపాయ బాగా వేగింది" అంది. మొత్తం తిన్నాక ఏమీ అనలేదు. మర్నాడు త్రిచూరులో దిగగానే తనే కట్లెట్టు చెప్పింది. ఇంటికొచ్చిన వారానికి మనవడి పళ్లెంలో ఎర్ర కట్లెట్టు ప్రత్యక్షమైంది. నేను చరిత్ర తవ్వలేదు.

కేరళ కాఫీ హౌసుల్లో గోడమీద గోపాలన్ గారి పటం కనబడుతుంది. మన హోటళ్లలో వెంకటేశ్వరస్వామి పటం వున్నచోట ఆయన వున్నాడు. కింద క్యాషు పెట్టె. త్రిచూరు సంఘాన్ని నిలబెట్టినవారిలో నడక్కల్ పరమేశ్వరన్ పిళ్లె ఒకరు. ఆయన్ను జనం కాఫీ హౌస్ పిళ్లె అనే పిలిచేవారు. కాఫీ హౌసు కథను పుస్తకంగా మలయాళంలో రాశారాయన. పుస్తకం రాసిన యజమానులు వుండవచ్చు గాని, కాఫీ హౌసు పనివాడే కాఫీ హౌసు చరిత్రకారుడు కావడం నాకు ముచ్చటగా తోచింది.

బెంగుళూరు మాట ఎత్తితే నాకు కొంచెం దిగులు. మహాత్మాగాంధీ రోడ్డులో 1959 నుంచి వుండిన కాఫీ హౌసు నాకు బాగా తెలుసు. పనిమీద ఎప్పుడు వెళ్లినా అక్కడ కూచుని, అద్దంలోంచి రోడ్డుమీద పోయే జనాన్ని చూస్తూ గుడ్ల పొరటు, రొట్టె తినేవాణ్ణి. మా ఇంట్లో గుడ్లు వండరు; ఈ ముక్క మా ఆవిడ చదవకూడదు. అద్దె భవనం కావడంతో 2009లో ఖాళీ చెయ్యవలసి వచ్చింది. యాభై ఏళ్లు! ఆఖరు రోజుల్లో జనం బారులు తీరి నిలబడ్డారు. అదే ఏడాది పక్కనున్న చర్చి స్ట్రీటులో మళ్లీ తెరిచారు. తలపాగాలు వచ్చాయి, పింగాణీ కప్పులు వచ్చాయి, గోడలమీది పాత కాఫీ ప్రకటనల పటాలూ వచ్చాయి. కాఫీ బాగానే వుంటుంది. నేను తాగినవాటిలో మన నాలుకకు దగ్గరగా వుండేది ఇదే. ఆ రోడ్డు మాత్రం ఎలా తేగలరు?

కలకత్తాలో సంగతి పూర్తిగా వేరు. కాలేజీ స్ట్రీటులో పుస్తకాల కొట్ల నడుమ సందు చేసుకుని, మెట్లెక్కి పైకి వెళ్లాలి. 1876 నాటి ఆల్బర్ట్ హాలది. 1942లో కాఫీ హౌసు అయింది. గుమ్మంలో నిలబడగానే ముందు వినబడేది హోరు. సముద్రం ఒడ్డున పుట్టిన మా ఆవిడకే అది కొత్త. ఎత్తయిన కప్పు, పొడుగాటి కాడలకు వేలాడే పంకాలు, గోడమీద రవీంద్రుడి పెద్ద పటం, పైన చుట్టూ వసారా. వందలమంది ఒక్కసారి వాదించుకుంటున్నారు. సత్యజిత్ రాయ్, అమర్త్య సేన్ వంటివారంతా వచ్చి కూచున్న చోటు. మన్నా డే ఈ కాఫీ హౌసు కబుర్లమీద పాడిన పాట తెలియని బెంగాలీ వుండడు.

అక్కడ పాలు లేని కాఫీని "ఇన్‌ఫ్యూజన్" అంటారు. అదేదో ఆసుపత్రి మాటలా వుందని మా ఆవిడ పాలకాఫీ చెప్పింది. నేను ఇన్‌ఫ్యూజనే తాగాను. నల్లగా, కటువుగా, వాదానికి తగినట్టుగా వుంది. మాంసం తినేవారు కోడి కబిరాజీ తినాలి. గిలకొట్టిన గుడ్డును జల్లెడలా వేయించి కట్లెట్టుకు దుప్పటిలా కప్పుతారు. పక్కబల్ల దగ్గర ఒక కుర్రాడు తింటూంటే చూశాను. ఇంతకన్నా వివరం మా ఆవిడ ముందు సేకరించడం కుదరలేదు.

ఆ హాలులో రెండున్నర గంటలు కూచున్నాం. మాకన్నా ముందునుంచి వున్న అయిదుగురు విద్యార్థుల ముందు మూడే కప్పులు, అవీ ఖాళీవి. సర్వరు వాళ్ల పక్కనుంచి ఎన్నిసార్లు పోయాడో! ఒక్కసారి బిల్లు పెట్టలేదు, ఒక్కసారి బల్ల తుడవలేదు. బల్ల తుడవడమంటే లేవమనే గదా అర్థం! ఈమధ్య ఒక విమానాశ్రయంలో, పేరు చెప్పను, కాగితపు గ్లాసెడు కాఫీ కొన్న డబ్బుతో మా వీధిలో వారంరోజులు కాఫీ తాగవచ్చు. అది సగం తాగేలోపలే ఒక అమ్మాయి వచ్చి, "అయిపోయిందా సార్?" అని రెండుసార్లు అడిగింది. ఆ పిల్లను తప్పు పట్టను. ఆమె వెనక ఎవరో వుంటారు, వాళ్ల వెనక ఇంకెవరో. ఇక్కడి సర్వరు వెనక ఎవరూ లేరు. బల్ల అతనిది గూడాను.

అయితే ఇందులో లెక్క ఒకటుంది. జీవితమంతా లెక్కలు చూసినవాణ్ణి, చూడకుండా వుండలేను. అయిదుగురు మూడు కప్పులతో మూడు గంటలు కూచుంటే ఆ నష్టం ఎవరిది? అదీ అతనిదే. భవనానికి అద్దె పెరుగుతుంది, కాఫీ గింజల ధర పెరుగుతుంది, కప్పు ధర పెంచితే విద్యార్థి రాడు. కలకత్తాది 1958లో మూతపడింది. ప్రెసిడెన్సీ కాలేజీ, విశ్వవిద్యాలయం ఆచార్యులు ప్రభుత్వానికి మొరపెట్టుకుంటే ఆ ఏడే మళ్లీ తెరిచారు. కూచోనిచ్చినందుకు కూచున్నవాళ్లే వచ్చి కాపాడుకున్నారు. బెంగుళూరులో ఎంతమంది బారులు తీరినా పాత చోటు దక్కలేదు. ఈ రెండు కథలూ చెప్పేసరికి మా ఆవిడ అక్కడికక్కడే ఒక శాసనం చేసింది: కాఫీ హౌసులో ఎంతసేపయినా కూచోవచ్చు గాని, గంటకొక ప్లేటు ఏదయినా చెప్పాలి. నాకు షుగరుందని గుర్తుచేశాను. "అయితే పకోడీ చెప్పండి" అంది.

ఈ శాసనం ఢిల్లీలో గూడా అమలయింది. 1957లో కన్నాట్ ప్లేసులో తెరిచిన ఆ మొదటి కాఫీ హౌసు ఇప్పుడక్కడ లేదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో పడగొట్టారు. నేల కింద పాలికా బజారు వెలసింది ఆ ప్రాంతంలోనే. అన్ని పార్టీలవాళ్లూ కూచుని సర్కారును చెరిగేసే చోటు సర్కారుకు కంటగింపు కావడంలో వింతేముంది? తరువాత బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లోని మోహన్ సింగ్ ప్లేసుకు మారింది. కింద జీన్సు లాగూలు కుట్టే దర్జీలు చేతులు పట్టుకుని లాగుతారు. వాళ్లను తప్పించుకుని పైకెక్కాలి. లోపల గది వుంది, బయట విశాలమైన డాబా వుంది. డాబా మీదే కూచోండి. చలికాలం ఎండలో అక్కడి పెద్దమనుషులు కుర్చీలు వాల్చుకుని కూచుంటారు. చాలామంది తల నెరిసినవారే. రోజూ అదే కుర్చీ, అవే రాజకీయాలు. పిట్టగోడ మీద కోతులు గూడా సభ్యుల్లాగే హాజరవుతాయి. ప్లేటు మీద ఒక చెయ్యి వేసి వుంచుకోవడం మంచిది. మా పక్కనున్న పెద్దాయన కాఫీ చల్లారిపోయినా లెక్కచెయ్యకుండా మధ్య తరగతివాడి పన్నుల మీద పావుగంట మాట్లాడాడు. మేము తెలుగువాళ్లమని తెలిశాక నీలం సంజీవరెడ్డి గారి మీద మరో పావుగంట. ఆ లెక్కన రెండు ప్లేట్ల పకోడీ అయింది.

కూచోవడానికి త్రివేండ్రం, తాగడానికి బెంగుళూరు, వినడానికి కలకత్తా, ఎండ కాగడానికి ఢిల్లీ అని నేను తేల్చాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. కట్లెట్టును లెక్కలోకి తీసుకోని తీర్పు చెల్లదంటుంది. ఆవిడ ఓటు త్రిచూరుకే.

సిమ్లాలో మాల్ రోడ్డు మీద గూడా ఒకటుంది. లాయర్లు, రాజకీయ నాయకులు అక్కడే చేరతారట. మంచు కురిసేటప్పుడు వెళ్లాలని నా కోరిక. మా ఆవిడ రానంది, చలికి మోకాళ్లు పట్టేస్తాయంది. మొన్న చూద్దును గదా, కిటికీ దగ్గర కూచుని మఫ్లరు అల్లుతోంది. ఇప్పటికి జానెడయింది.